చెమ్మకు కాపలా

ఆదివారం మధ్యాహ్నానికల్లా వ్యాను లోపల ఎక్కడ చెయ్యి పెట్టినా తడి తగలకూడదు. శనివారం పొద్దున్న పళ్లు తోముకుంటూ ఈల మాస్టారు వేసుకున్న పథకం అదే. బడికి సెలవు. వాన వచ్చేలా ఉంది. ఇంట్లో వాళ్లంతా ఖాళీగా ఉన్నారు. పైకప్పు ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

ఆయన బడిలో వ్యాయామం మాస్టారు. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఇంట్లో వాళ్లు కూడా ఎరగరు. ఏళ్ల తరబడి పిల్లల్ని ఒకే మైదానం చుట్టూ తిప్పి తిప్పి, ఒక్కసారైనా మలుపు తిరగకుండా తిన్నగా ఎటైనా వెళ్లిపోవాలన్న కోరిక ఆయనకు పట్టుకుంది. కుదురుగా కూర్చోలేకపోయేవారు. అన్నం తింటూ కూడా కాళ్లు ఆడించేవారు. చివరికి ఒక పాత వ్యాను కొన్నారు. అందులో రెండు మడత మంచాలు, పొయ్యి పెట్టుకునే గట్టు, చిన్న బీరువా ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, దారి ఎటు పోతే అటు పోవాలి.

తుప్పు గీకారు. రంగు వేశారు. ఇంజను కూడా దారికి వచ్చింది. చెమ్మ మాత్రం దారికి రాలేదు. గోడలకు అతికించిన చెక్క ఉబ్బింది. పరుపులు ముక్కిపోయాయి. ఒకరోజు బీరువా తెరిస్తే లోపలినుంచి పుట్టగొడుగు పలకరించింది.

అప్పటినుంచీ మాస్టారికి కన్నం కనబడితే శత్రువు కనబడినట్టే. కిటికీల అంచులు, తలుపు సందులు, ఆఖరికి పైకప్పులో గాలి కోసం పెట్టిన చిల్లుల మూతతో సహా అన్నింటినీ రబ్బరు గమ్ముతో పూడ్చేశారు. లోపల హీటరు ఒకటి పెట్టి, రోజూ పొద్దున్నే దాన్ని వేసి బడికి వెళ్లేవారు. సాయంత్రం వచ్చి చూస్తే గోడలు నిన్నటికన్నా ఎక్కువగా చెమర్చి ఉండేవి.

భార్యకు విసుగొచ్చింది. శనివారం లేస్తూనే, "రేపు మధ్యాహ్నం మా తమ్ముడు చెప్పిన కోళ్ల ఫారం ఆయన వస్తున్నాడు. గోడ మీద చెయ్యి పెట్టి చూస్తాడు. తడి తగిలిందా, వ్యాను కోళ్లకి. తగల్లేదా, సెలవుల్లో ముందు సీట్లో మీ పక్కన నేనే కూర్చుంటా. ఇంక దీని గురించి మాటల్లేవు" అంది.

"కోళ్లేం పాపం చేశాయే? వాటికి మాత్రం రొంప పట్టదూ?" అన్నారు ఆవిడ అత్తగారు. ఆ వెంటనే కొడుకు వైపు తిరిగి, "ఏమైనా ఆ హీటరు మాత్రం తియ్యకురా. పనికొస్తోంది" అన్నారు.

"నాన్నా, ఒక్క మాట..." అంది కూతురు. ఆ పిల్ల గొంతు పక్కన కూర్చున్నవాళ్లకే సరిగ్గా వినిపించదు.

"తర్వాత తల్లీ" అని మాస్టారు ఈల వేశారు.

వాన మొదలైంది. మాస్టారు అందరినీ వ్యాను ఎక్కించారు. ముందురోజే దిగిన బావమరిదికి వెనక మూల, భార్యకు కిటికీ పక్క, తల్లికి మంచం, కూతురికి బీరువా అప్పగించారు. తలుపు గట్టిగా మూశారు. "ఎవరి దగ్గర చుక్క పడితే వాళ్లు చప్పట్లు కొట్టండి. నేను ఈల వేసి, సుద్దముక్కతో అక్కడ గుర్తు పెడతా. కబుర్లు వద్దు. కళ్లు పైన!"

మెడలు నొప్పి పుట్టాయి. అత్తగారికి టీ కావాల్సి వచ్చింది. గట్టు మీద పొయ్యి వెలిగించారు. గిన్నెలో నీళ్లు తెర్లడం మొదలైన కాసేపటికి బావమరిది చప్పట్లు కొట్టాడు. ఈల మోగింది. గుర్తు పడింది. అంతలో భార్య కొట్టింది. తర్వాత అత్తగారు కొట్టారు. మాస్టారు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ దూకుతూ ఈల వేసి గుర్తులు పెడుతుంటే వ్యాను ఊగిపోయింది. టీ ఒలికింది.

"బావగారూ, సుద్ద అయిపోతుంది. కారని చోటేదో చూసి అక్కడ పెట్టండి, తేలికవుతుంది" అన్నాడు బావమరిది.

"నవ్వు, నవ్వు. నువ్వు కోళ్ల వైపు మనిషివి."

"నాన్నా, అసలు పైనుంచి..." అంది కూతురు. అత్తగారు దాని మోకాలి మీద చిన్నగా తట్టారు. ఈలోగా మళ్లీ ఎవరో చప్పట్లు కొట్టారు.

పైకప్పు మొత్తం జల్లెడ అయిపోయిందని మాస్టారు తేల్చారు. వాన తెరిపిచ్చాక నిచ్చెన వేసుకుని వంటింటి రేకుల మీద కప్పిన టార్పాలిన్ లాగేసి వ్యానుకు కప్పబోయారు.

"అయ్యో, అది వంటింటిదండీ!" భార్య కిందినుంచి కేక పెట్టింది.

"వంటింటికి ఉన్నది ఒక్క చిల్లు. దీనికి లెక్కేలేదు. అయినా వాన వెలిసిపోయిందిగా!"

వెలిసిన వాన ఆదివారం తెల్లవారేసరికి మళ్లీ వచ్చింది. వంటింటికి ఉన్న ఆ ఒక్క చిల్లు తన పని తాను శ్రద్ధగా చేసింది. పొయ్యి ఆరిపోయింది, గిన్నెలు తేలాయి, నీళ్లు ముందుగదిలోకి నడిచి వచ్చాయి. చేసేదేం లేక అందరూ దుప్పట్లు నెత్తిన వేసుకుని వ్యానులోకి పరుగెత్తారు. టార్పాలిన్ కింద వ్యాను భద్రంగా ఉంది. తలుపు మూసి, అత్తగారికి మళ్లీ టీ పెట్టారు.

మాస్టారి గ్లాసులో టప్పున చుక్క పడింది.

ఆయన వానలోకి దిగి, టార్పాలిన్ ఎత్తి, వ్యాను నెత్తిన చెయ్యి పెట్టి చూశారు. పొడిగా ఉంది. లోపలికి వచ్చి పైకి చూశారు. కారుతోంది. మళ్లీ బయటికి వెళ్లారు. పొడి. మళ్లీ లోపలికి వచ్చారు. ముక్కు మీదే పడింది.

"దెయ్యం పట్టిందండీ దీనికి" అంది భార్య.

"కోళ్ల ఫారం ఆయన బయల్దేరే ఉంటాడు" అన్నాడు బావమరిది.

"నువ్వు నోరు ముయ్యరా!"

"నన్నంటావేం అక్కా? నేనేమన్నా కారుస్తున్నానా?"

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మాస్టారు మాత్రం కాళ్లు ఆడించడం కూడా మానేశారు. మెడలోంచి ఈల తీసి గట్టు మీద పెట్టి, "ఇచ్చేద్దాంలే. కోళ్లకే ఇచ్చేద్దాం. మైదానం ఎక్కడికి పోతుంది" అన్నారు.

అంతలో ఈల మోగింది. వ్యాను అద్దాలు అదిరేలా మోగింది. అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన నోట్లో ఈల లేదు. అది కూతురి నోట్లో ఉంది.

"పైనుంచి రావట్లేదు నాన్నా" అందా పిల్ల, చెవుల దాకా ఎర్రబడి. "మనమే తెస్తున్నాం. నువ్వు బడికి వెళ్లగానే రోజూ నానమ్మా నేనూ బకెట్టుడు తడిబట్టలు ఇక్కడే ఆరేస్తున్నాం. నువ్వు వచ్చేలోపు తీసేస్తున్నాం. ఆ తడి ఎటు పోతుంది? కన్నాలన్నీ నువ్వు మూసేశావు. ఇప్పుడు టీ ఆవిరి, మన ఊపిరి పైకెళ్లి, దారి లేక మన నెత్తినే పడుతున్నాయి."

అందరూ అత్తగారి వైపు తిరిగారు.

"ఎండ లేకపోతే ఏం చెయ్యమంటార్రా? ఇన్నాళ్లూ నీ ప్యాంట్లు ఎక్కడ ఆరాయనుకున్నావు?" అన్నారావిడ. మాస్టారు కిందికి, తన ప్యాంటు వైపు చూసుకున్నారు.

"మరి ముందే చెప్పొచ్చుగా తల్లీ!"

"చెబుతూనే ఉన్నా నాన్నా. నువ్వు ఈల వేస్తూనే ఉన్నావు."

మాస్టారు ఒక్క ఉదుటున లేచి కిటికీ తోశారు. తాను పెట్టిన గమ్ముకు అది కదల్లేదు. బావమరిది భుజం ఆన్చి గట్టిగా నెట్టాడు. కిటికీ చట్రంతో సహా బయట పడింది. దాని వెనకే బావమరిది నడుము దాకా బయట పడ్డాడు. వాడి కాళ్లు పట్టుకుని లోపలికి లాగుతుండగా చల్లటి గాలి వ్యానంతా తిరిగింది. మాస్టారు పై మూతలోని గమ్మును గోళ్లతో పీకేశారు. వాన ఆగి ఎండ వచ్చింది. టార్పాలిన్ లాగి పడేసి, హీటరు వేసి, ఇంట్లో మిగిలిన పొడి తువ్వాళ్లన్నీ తెచ్చి, అత్తగారితో సహా అందరూ గోడలు తుడిచారు.

మధ్యాహ్నం కోళ్ల ఫారం ఆయన వచ్చాడు. గోడ మీద చెయ్యి పెట్టాడు. బీరువాలో పెట్టాడు. పైకప్పుకు ఆనించి, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తడి లేదు. భార్య తన చేతిసంచి తీసుకెళ్లి ముందు సీట్లో పెట్టింది. మాస్టారి కాళ్లు మళ్లీ ఆడటం మొదలుపెట్టాయి.

వచ్చినాయన నిరాశగా, కాసిని మంచినీళ్లు అడిగి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. పైన రేకుల్లోంచి ఆకాశం కనబడుతోంది. కింద మడమల లోతు నీళ్లలో గరిటె తిరుగుతోంది. ఆయన నాలుగు మూలలూ తీరిగ్గా చూసి, నీళ్ల సంగతి మరిచిపోయి వెనక్కి తిరిగాడు.

"వ్యాను మీరే ఉంచుకోండి మాస్టారూ. ఈ గదికి గాలి బాగా ఆడుతోంది, ఇల్లు అమ్ముతారా?"