పడవ దొంగల రూళ్ల పుస్తకం

ప్రజాస్వామ్యమే మన ఊపిరని మా కొబ్బరి రైతుల సహకార సంఘం అధ్యక్షులు బుచ్చిరాజుగారు ఏటా జెండా కింద నిలబడి సెలవిచ్చేవారు. పదకొండేళ్లుగా ఆయనే అధ్యక్షులు. ఎన్నికలు పెడితే సభ్యుల మధ్య తగవులొస్తాయని ఆయన పెట్టలేదు. నేను ఆ సంఘంలో గుమాస్తాను.

1978లో మా కొబ్బరికాయల పడవల్ని అంతర్వేది దగ్గర గోదావరిలో దొంగలు అటకాయించడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా ఆ ముఠాలో నలుగురూ పట్టుబడ్డారు. ఎస్సైగారు కబురు చేస్తే బుచ్చిరాజుగారు ఖద్దరు కండువా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్లారు.

నాయకుడెవడని ఎస్సైగారు అడిగారు. ధర్మరాజు అనే దొంగ చేతులు కట్టుకుని లేచాడు.

“మొన్నటిదాకా నేనేనండి. పంపకంలో పక్షపాతం చూపించేనని ఆదివారం ఓటేసి దింపేసేరండి. ఇప్పుడు సాలమోను గారండి.”

“ఓటేసా?”

“ఆయ్. చేతులెత్తేరండి.”

వాళ్ల పడవలో దొరికిన నోటుపుస్తకం బల్ల మీద ఉంది. దొంగలకి రూళ్లేమిటని బుచ్చిరాజుగారు నవ్వి, అందరికీ వినబడేలా చదవమని నా చేతికిచ్చారు. నాయకుణ్ణి అందరూ కలిసి ఎన్నుకోవాలి. నాయకుడికీ తెడ్డు వేసేవాడికీ ఒకటే కూడు, ఒకటే వాటా. పనిలో కాలో చెయ్యో పోతే, బతికినన్నాళ్లూ ఆ మనిషి వాటా ఇంటికి చేర్చాలి. నిరుడు చెయ్యి పోయిన ఏసుపాదం వాటా అతని భార్య మార్తమ్మకి అందుతోందని కింద రాసి ఉంది.

నేను అక్కడే చదవడం ఆపేశాను. మా సంఘం పడవ మీంచి పడి కాలు పోగొట్టుకున్న అంజిబాబుకి మేమిచ్చింది సానుభూతి తీర్మానం. అది రాసింది నేనే.

“ఆగిపోయేవేం? చదవవయ్యా,” అన్నారు బుచ్చిరాజుగారు.

చదివాను. “ఏడో రూలు. సరుకు కొనే బుచ్చిరాజుగారికి మన మీటింగులో ఓటు లేదు.”

బుచ్చిరాజుగారి మొహం కందగడ్డయింది. ఆయన నేరుగా ధర్మరాజు వైపు తిరిగారు.

“మీకా పడవ కొనిచ్చింది నేను. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఆ రూలు ఎప్పుడు రాసేరయ్యా?”

“తవరికి ఎన్నికలు గిట్టవని తెలిసేకనండి,” అన్నాడు ధర్మరాజు వినయంగా.

ఎస్సైగారు బుచ్చిరాజుగారికి కుర్చీ చూపించి, కూర్చోమన్నారు. ఆ రోజు నేనొక్కణ్ణే తిరిగొచ్చాను.

మర్నాడు సభ్యులంతా సంఘం ఆఫీసు ముందు చేరారు. కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, ముందుగా అంజిబాబు సంగతి తేల్చాలన్నారు. తీరా కూర్చున్నాక, ఎన్నిక ఎలా జరపాలో ఎవరికీ తెలియలేదు. అందరూ నా వైపు చూశారు. నేను సైకిలెక్కి స్టేషనుకి వెళ్లి, ధర్మరాజునడిగి వచ్చాను.