యముడి గుమ్మంలో రీటేకులు

పండగలు పుట్టిందే ఫోటోల కోసం! ఈ మాట బల్లగుద్ది చెబుతున్నాను. కాదనేవాళ్లు ముందు తమ ఫోన్లు ఇటు పడేసి, ఆ తర్వాత మాట్లాడాలి.

'ఫోటోలు తక్కువ తీయండి, మనసులో నిలిచేవి తీయండి' అని ఈమధ్య కొందరు సుద్దులు చెబుతున్నారు. వీళ్లకేం తెలుసండీ? ఫోటోలు తీసుకోని కుటుంబం ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? మాట్లాడుకుంటుంది! మాట్లాడుకుంటే ఏమవుతుంది? మా నాన్న పోయాక ఇత్తడి గంగాళం ఎవరింటికి చేరిందన్న సంగతి బయటికొస్తుంది. బేహాలాలోని మా ఇంట్లో ఆ ప్రమాదం ఎప్పుడో తప్పిపోయింది. పండగపూట మాకు వినిపించేవి రెండే మాటలు. 'ఇటు చూడు', 'ఇంకోటి'.

భక్తి తగ్గిందంటారా? పెరిగింది మహాప్రభో! మొన్న అష్టమినాడు దుర్గమ్మకు అంజలి ఇస్తూ మా పక్కింటి ఘోషాల్ బాబు పూలు విసిరి, మళ్లీ ఏరుకుని, మళ్లీ విసిరాడు. వీడియో సరిగ్గా వచ్చేదాకా విసురుతూనే ఉన్నాడు. వెలుతురు అటుపక్క ఉన్నా అమ్మవారు కాస్తయినా తిరిగి నిలబడలేదని ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

ఆరోగ్యమో? పొంగిన మైదా పూరీ, అదే మా లూచీ, ఫోటో పూర్తయ్యేసరికి చతికిలపడుతుంది. తోలులా సాగే దాన్ని ఎన్నని తింటాం? గుండె డాక్టర్లు చెప్పి చెప్పి విసిగిపోయిన పథ్యం ఫోను చిటికెలో చేయించేస్తుంది.

అంతెందుకు, మొన్న మా ఇంట జరిగిన భాయ్ ఫోంటా సంగతే వినండి. కాళీపూజ వెళ్లిన రెండోనాడు అక్క తమ్ముడి నుదుట చందనం బొట్టు పెట్టి, వాడు లోపలికి పోకుండా యముడి గుమ్మానికి ముల్లు అడ్డం వేశానంటుంది. ఆ బొట్టు పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు.

మా అక్క బేలాదిది కృష్ణనగర్‌లో తెల్లవారకుండానే రైలెక్కి, ఒళ్లో సరభాజా మిఠాయి డబ్బా పెట్టుకుని వచ్చింది. వేసవిలో నా గుండెకు స్టెంట్ వేసినప్పుడు మోకాళ్లు సహకరించక రాలేకపోయింది. ఆ దిగులు ఇంకా పోలేదు. చెప్పులు విప్పుతూనే అడిగింది.

"ఒరే ఘంటూ, బొట్టుతో నీ ఫోటో ఒకటి నాకు కావాలిరా. మంచం ఎదురుగా పెట్టుకుంటాను. పొద్దున్నే కళ్లు తెరవగానే నువ్వు బతికున్నావని కనపడాలి."

"ఒకటేంటి పిషీ, వంద తీస్తా!" అంది మా కోడలు తిస్తా. మావాడి మేనత్తను తనూ పిషీ అనే పిలుస్తుంది.

అన్నంత పనీ చేసింది.

నేను పీట మీద కూర్చున్నాను. దిది ఎడమచేతి చిటికెనవేలు చందనంలో ముంచి, నా నుదుట ఆనించింది.

"ఆగండి పిషీ! చెయ్యి అడ్డొచ్చి మామయ్య మొహం కనపడట్లేదు."

బొట్టు తుడిచారు. మళ్లీ పెట్టింది. దీపం పొగ అడ్డొచ్చింది. తుడిచారు. ఆ తర్వాత శంఖం ఊదుతున్న మా ఆవిడ బుగ్గలు మరీ బూరెల్లా వచ్చాయి. ఈసారి అభ్యంతరం ఆవిడదే. తుడిచారు.

ఇక్కడ శాస్త్రానికి సంబంధించిన చిక్కొకటి ఉంది. అక్క ముల్లు వేస్తుంది, కోడలు పీకేస్తుంది. పాపం, యముడి గుమ్మం దగ్గర కాపలావాడు నన్ను లోపలికి రానివ్వాలా, వెనక్కి పంపాలా? విసుగెత్తి తాళం వేసుకుని భోజనానికి పోయి ఉంటాడు. చూశారా! రీటేకులతో ఆయుష్షు పెరుగుతుందని రుజువైపోలేదూ?

"తొందరగా కానీవే తల్లీ, కళ్లు తిరుగుతున్నాయి," అంది దిది.

"ఆ ఎక్స్‌ప్రెషన్ అదిరింది పిషీ, అలాగే ఉండండి!"

దిది అలాగే ఉంది. కాసేపటికి మెల్లగా నావైపు వంగింది. "రాత్రిళ్లు ఆయాసం వస్తోందట్రా? మీ ఆవిడ ఫోన్లో..."

"మాట్లాడకండి పిషీ, మసగ్గా వస్తుంది."

ఎట్టకేలకు ఒక బొట్టు నా నుదుట నిలిచింది. తర్వాత ధాన్యం, గరిక నెత్తిన వేసి దీవించడం, సందేశ్ మిఠాయి తినిపించడం, అన్నిటికీ వేర్వేరు ఫోటోలు. మేం ఆ సాగే లూచీలు నమిలేసరికి దిది రైలుకు వేళయింది. ఆయాసం సంగతి తను మళ్లీ అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు.

గుమ్మంలో టాక్సీ ఆగింది. "నా ఫోటో ఏదమ్మా?" అంది దిది.

"అన్నీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా పిషీ!"

దిది సంచీలోంచి తన ఫోను తీసింది. మీటలు నొక్కే పాత ఫోను. అందులో అంకెలు కనిపిస్తాయి, మనుషులు కనిపించరు.

తిస్తా నాలుక్కరుచుకుంది. "రేపే ప్రింటు వేయించి పంపిస్తా పిషీ. ఏది వేయించను, చెప్పండి?"

ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. ఒకదాంట్లో బొట్టు లేదు. ఒకదాంట్లో నాకు తల లేదు. రెండూ ఉన్నచోట నేను తిస్తా వైపు పళ్లికిలిస్తున్నాను, దిది ఆకలితో సోలిపోతోంది. ఏరుకోలేనంత సంపద! ఇంతకు మించిన ఐశ్వర్యం ఏ కుటుంబానికుంటుంది? నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది.

"పోనీలేవే," అంది దిది.

నా గడ్డం పట్టుకుని మొహం ఎండవైపు తిప్పింది. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుని నావైపు చూసింది. టాక్సీవాడు హారన్ మోగిస్తున్నా చూస్తూనే ఉంది. నేను కదల్లేదు.

"అయిపోయింది, తీసేసుకున్నాను," అంది టాక్సీ ఎక్కుతూ. "బాగానే వచ్చావురా. పొట్ట మాత్రం పట్టలేదు."