చెవితో పనిలేని స్పీకర్ల కేసు

"ఒరేయ్ బావమరిదీ! వాసన చూసి దొంగని పట్టేది కుక్క. వేలిముద్ర చూసి పట్టేది పోలీసు. ఏమీ చూడకుండా, ఏమీ వినకుండా, కుర్చీలోంచి లేవకుండా పట్టేవాడు ఈ భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. వాడు నీ ఎదురుగా కూర్చున్నాడు!"

ఇలా ప్రకటించి మన డిటెక్టివ్ ఠీవిగా కాలు మీద కాలు వేసుకోబోయాడు. కాలు టీపాయికి తగిలి కాఫీ ఒలికింది. బావమరిది తాళాల షాపులో పనిచేస్తాడు, సెలవు రోజుల్లో మాత్రం బావగారికి అసిస్టెంటు. అలవాటైన పనే కాబట్టి గుడ్డ తెచ్చి తుడిచాడు.

నిజానికి మన డిటెక్టివ్‌కి జీతమిచ్చేది ఏ గూఢచారి సంస్థా కాదు. బస్ స్టేషన్‌లో పోయిన వస్తువుల కౌంటర్ ఆయనది. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు ఆయన చేతుల మీదుగా సొంతదారులకు చేరతాయి. వస్తువు చూపించకుండా ముందు ఆనవాళ్ళు చెప్పమనడం అక్కడి పద్ధతి. ఆ పద్ధతే ఆయన బుర్రను పాడుచేసింది. "నా గొడుగు నల్లగా నిగనిగలాడుతుందండీ" అన్నవాడు దొంగ. "ఓ కమ్మీ వంగింది, పిడిని మా కుక్క కొరికింది" అన్నవాడు సొంతదారు. మెచ్చుకునేవాడు అబద్ధాలకోరు, లోపం చెప్పేవాడు సత్యసంధుడు. ఈ ఒక్క సూత్రంతో ప్రపంచంలో ఏ చిక్కుముడైనా విప్పేయొచ్చని ఆయన ధీమా.

ఇప్పుడొచ్చిన కేసు స్పీకర్లది.

ఆయన భార్య ఇంట్లో పిల్లలకు సంగీతం చెబుతుంది. తను పాడిన పాఠాన్ని రికార్డు చేసి స్పీకర్లలో పెట్టి, పిల్లల్ని దాంతోపాటు పాడిస్తూ, ఒక్కొక్కరి పక్కన కూర్చుని తప్పులు దిద్దుతుంది. ఆ స్పీకర్లు ముసలివైపోయాయి. కింది స్వరాలను మింగేస్తున్నాయి, మధ్యమధ్యలో గర్రుమంటున్నాయి. పిల్లలు బుద్ధిమంతులు, ఏది వినబడితే అదే నేర్చుకుంటారు. వాళ్ళూ కింది స్వరాలు మింగేసి, సరిగ్గా సమయానికి "గర్ర్" అని కూడా పాడుతున్నారు. తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని మాన్పించి పక్కవీధి టీచరు దగ్గర చేర్చారు. ఇక మిగిలింది నలుగురే. వాళ్ళూ పోతే ఆవిడ మళ్ళీ పాత ఉద్యోగానికి వెళ్ళాలి. అంటే రోజంతా ఫోన్లో ఎవరెవరివో తిట్లు తింటూ "క్షమించండి సార్" అనే ఉద్యోగం. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకు ఏడుపొస్తుంది. మన డిటెక్టివ్‌కీ వస్తుంది, కాకపోతే డిటెక్టివులు ఏడవకూడదని ఎక్కడో చదివి బిగబట్టుకుంటాడు.

"ఏమండీ, నేను కూడబెట్టిందంతా ఇదే," అంటూ ఆవిడ ఓ కవరు ఆయన చేతిలో పెట్టింది. "ఈసారైనా కాస్త చూసి కొనండి. ఇది కూడా పోతే మళ్ళీ కొనే ఓపిక నాకు లేదు."

'ఈసారైనా' అన్న మాట ఆయన విననట్టే ఉండిపోయాడు. పోయినసారి ఆయన పరిశోధించి కొన్న ఫ్యాను ఇంట్లో గోడలకు మాత్రమే గాలి విసురుతోంది.

చిక్కేమిటంటే, కూర్చోబెట్టి వినిపించే షాపుల్లో ఆ కవరులో డబ్బుకి వైర్లు మాత్రమే వస్తాయి. ఆ కవరుకి స్పీకర్లొచ్చే చోట వినిపించరు. పెట్టె సీలు విప్పావా, అది నీదే అంటారు. వినకుండానే కొనాలి. ఆ ముక్క తెలిశాక మన డిటెక్టివ్‌ని పట్టేవాళ్ళే లేరు. ఫోన్లో జనం రాసిన అభిప్రాయాలన్నీ తెరిచి, భూతద్దం పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

"బావా, భూతద్దం ఎందుకు? వేళ్ళతో సాగదీస్తే అక్షరాలు పెద్దవవుతాయి కదా."

"పద్ధతంటూ ఒకటి ఏడ్చిందిరా! ఇదిగో చూడు, 'అద్భుతం, అమోఘం' అన్నాడు. దొంగ! 'ఇంటికే కచేరీ వచ్చినట్టుంది' అట. గజదొంగ! పక్కన పెట్టు."

అలా మంచివన్నీ పక్కకు పోయాక ఒక జత దగ్గర ఆయన కళ్ళు మెరిశాయి. 'ఇది స్పీకరా, రేకు డబ్బానా?' అని ఒకడు రాశాడు. 'మా తాతగారి గురక ఇంతకంటే శ్రావ్యం' అని ఇంకొకడు. 'ఇవి కొన్న దగ్గర్నుంచీ మా పిల్లి ఇంటికి రావడం లేదు' అని ఎవరో ఇల్లాలు.

"దొరికిందిరా!"

"ఏం దొరికింది బావా? అందరూ దుమ్మెత్తి పోస్తుంటేనూ!"

"దుమ్మెత్తి పోయడం కాదు, సాక్ష్యం చెప్పడం! ఎన్నెన్ని ఆనవాళ్ళు చెప్పారో చూడు. ఇంత నిజాయితీ ఇంకే స్పీకరు చుట్టూ లేదు."

"ఆ నిజాయితీ తిట్టినవాళ్ళది కదా బావా. స్పీకరుది కాదు కదా?"

తన తర్కంలో ఎక్కడో ఓ కాలు విరిగిందని డిటెక్టివ్‌కి లోపల్లోపల తెలిసింది. కానీ గొప్ప డిటెక్టివ్ అనేవాడు అందరినీ అనుమానించాలి, తనను తప్ప. అందుకని ఆ సంగతి అక్కడే వదిలేశాడు.

ఆ జతనే ఒకతను వాడినవి అమ్ముతున్నాడని తెలిసి ఇద్దరూ బయల్దేరారు. పాత మేడ, పై అంతస్తు. ఎవరూ గుర్తుపట్టకూడదని డిటెక్టివ్ టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళు ఆ పేటలో ఎవరూ లేరన్నది వేరే సంగతి. చీకటి మెట్ల మీద మాత్రం ఆ కళ్ళద్దాలు రెండుసార్లు ఆయన్ని గోడకేసి కొట్టాయి.

"యాంప్లిఫయరు అమ్మేశానండీ, వినిపించలేను," అన్నాడు అమ్మకందారు ఆత్రంగా. "మీరు శ్రమపడకండి సార్, కిందిదాకా నేనే మోసుకొస్తాను. కావాలంటే మీ ఇంటిదాకా!"

"ఎంత సేవాభావమో చూశావా?" అని డిటెక్టివ్ బావమరిది చెవిలో అన్నాడు.

"వదిలించుకునే భావం బావా అది."

కవరు జేబులోంచి సగం బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడు ఎదురింటి వైపు నుంచి ఓ ఆడమనిషి కేక వినిపించింది.

"వద్దు! నన్నేం చెయ్యకండి! మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"అరిచావంటే గొంతు నులిమేస్తా!" అంది ఓ మగ గొంతు. ఆ వెంటనే గాజు భళ్ళున పగిలిన చప్పుడు. ఆ తర్వాత వెక్కిళ్ళు. ఆవిడ ఏడుపు ఆపుకుంటూ ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది. ఇన్నేళ్ళ అపరాధ పరిశోధనలో మన డిటెక్టివ్‌కి ఎదురైన మొదటి అపరాధం ఇది. ఆ ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. తొంగి చూశాడు. దీపం కింద బల్ల మీద వరసగా పళ్ళు! పై దవడలు, కింది దవడలు, విడివిడిగా కొన్ని కోరలు!

"ఒ... ఒరేయ్! హత్య కాదురా, హత్యలు!"

"బావా, ఆగు, పోలీసులకు ఫోన్ చేద్దాం!"

"ఆలస్యం అమృతం విషంరా!" అంటూ డిటెక్టివ్ లోపలికి దూకాడు. కాళ్ళు వణుకుతున్నాయి, అయినా దూకాడు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. "ఆగు దుర్మార్గుడా! చట్టం నిన్ను చుట్టుముట్టిం..."

నల్ల కళ్ళద్దాల పుణ్యమా అని అడ్డంగా ఉన్న స్టూలు కనబడలేదు. చట్టం బోర్లా పడింది. పడుతూ పడుతూ ఓ చెక్క పెట్టెను కౌగలించుకుని పడింది. పెట్టె మూల సొట్టపోయింది. "మొదటి అంకం సమాప్తం," అంది రెండో పెట్టె, చాలా మర్యాదగా.

బల్ల వెనక నుంచి ఏప్రన్ కట్టుకున్న పెద్దమనిషి లేచాడు. ఒక చేతిలో మైనం ముద్ద, రెండో చేతిలో సగం తయారైన కట్టుడు పళ్ళు.

"ఎవరయ్యా నువ్వు? పళ్ళు కావాలంటే తలుపు కొట్టి రావాలి గానీ, రాలగొట్టుకుంటూ వస్తావేంటి?"

"ఆవిడ... ఆవిడేదీ? ఏడ్చిన ఆవిడ!"

పళ్ళాయన పెట్టె వైపు వేలు చూపించాడు. డిటెక్టివ్ నమ్మలేదు. పాక్కుంటూ వెళ్ళి పెట్టె వెనక చూశాడు, అరచేత్తో తట్టాడు. "ఇందులోంచే వచ్చిందా?"

"లేకపోతే నా పళ్ళలోంచి వస్తుందా? రేడియో నాటకమయ్యా! సరేగానీ, నా స్పీకరుకి సొట్ట పెట్టావు. ఇక ఈ జత నువ్వే కొనుక్కోవాలి. ఎంతుంది నీ దగ్గర?"

డిటెక్టివ్ కవరు ఇచ్చాడు. ఆయన తెరిచి చూశాడు. కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించాడు కానీ, మొహం మాట వినలేదు.

"దేవుడిలా వచ్చావయ్యా! కొత్తవి కొనుక్కుందామంటే, 'ఉన్నవి పాడవకుండా కొత్తవెందుకు?' అని మా ఆవిడ ఏళ్ళ తరబడి అడ్డం. వెళ్ళేటప్పుడు వంటింటి వైపు తిరిగి, సొట్ట చాలా పెద్దదేనని గట్టిగా ఓ మాట చెప్పిపో!"

ఎదురింటి గుమ్మంలో అమ్మకందారు తన జతను చంకనెత్తుకుని నిలబడ్డాడు. "సార్, మరి నావి?"

"కేసు మలుపు తిరిగిందండీ," అన్నాడు బావమరిది జాలిగా.

ఇంటికొచ్చి వైర్లు కలిపాక ఆవిడ తన పాఠం పెట్టింది. ఆవిడే ఇంకొకత్తె ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుంది. గర్రు లేదు, గుర్రు లేదు. డిటెక్టివ్ సొట్టను గోడవైపు తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ కేసులో మొదటి నుంచీ నా అనుమానం ఏమిటంటే..."

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. అదే ముక్క మళ్ళీ పెట్టింది. మళ్ళీ. ఆవిడ మొహం పాలిపోయింది. డిటెక్టివ్ గబగబా పెట్టెల దగ్గరికి వంగాడు.

"ఏమైంది? బాగాలేవా?"

"బంగారంలా ఉన్నాయండీ. నేనే..." ఆవిడ పాటను మళ్ళీ ఆ చోటికి తిప్పింది. "కింది స్వరం దగ్గర నేనే జారిపోతున్నాను. ఇదిగో, ఇక్కడ. పిల్లలు నేను పాడినట్టే పాడారు. ఇన్నాళ్ళూ ఆ పెట్టెల్ని తిట్టాను, పసివాళ్ళనీ తిట్టాను."

బావమరిది సీలింగు చూడసాగాడు.

"నిజం చెప్పండి. రోజూ వింటారు కదా, మీకెప్పుడూ తెలియలేదా?"

ఆయన మొదటిసారి నిజంగా ఆలోచించాడు. "లేదు. నువ్వు పాడుతుంటే నాకెప్పుడూ బాగానే ఉంటుంది. తప్పు వెతకాలనే తోచలేదు."

ఆవిడ ఆయన వంక చూసింది. ఏడుస్తూనే నవ్వేసింది. "ఇలాంటి చెవులున్న మనిషినా నేను స్పీకర్లు కొనడానికి పంపింది! లేవండి, ఇద్దరూ బయట కూర్చోండి. పాఠాలన్నీ మళ్ళీ పాడి రికార్డు చెయ్యాలి. ఆ నలుగురికైనా సరిగ్గా చెబుతాను."

ఇద్దరూ గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నారు. లోపల ఆవిడ పాడుతోంది. ఒకచోట ఆగింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ ఆగింది. మళ్ళీ అందుకుని, ఈసారి ఆగకుండా చివరిదాకా పాడింది.

"బావా, ఇప్పుడు సరిగ్గా వచ్చినట్టేనా?"

డిటెక్టివ్ తలుపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"నన్నడుగుతావేంట్రా!" అన్నాడు.