లక్క సీలు వేసిన బానెట్

"ప్రపంచంల నేరగాళ్లు రెండు రకాలు. నాకు దొరికినోళ్లు, ఇంకా దొరకనోళ్లు!"

అని ప్రకటించి వామన్‌రావు నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు దస్తావేజులకు సీళ్లు వేసి రిటైరై, డిటెక్టివ్ అవతారమెత్తిన ఈ అపర మేధావి నెల రోజులుగా పక్కింటి జుల్ఫికర్ కారు కేసు తవ్వుతున్నాడు. అందుకు సంతోషించాలో ఏడవాలో జుల్ఫికర్‌కు తెలియడం లేదు.

ఆ కారు ఇరవై ఏళ్ల కిందటి ఎర్ర టర్బో. వయసులో ఉన్నప్పుడు గంటకు రెండు వందలు పరుగెత్తింది. ఇప్పుడు అది నడుస్తుండగానే ఉన్నట్టుండి ఇంజను, బ్రేకు, బ్యాటరీ హెచ్చరిక లైట్లన్నీ ఒకేసారి వెలిగి, ఏమీ ఎరగనట్టు ఆరిపోతున్నాయి. జుల్ఫికర్ భార్య షౌకత్ బీ విసిగిపోయింది. "ఇయ్యాల గీ లైట్ల సంగతి తేలకపోతే బండి సీదా పాత ఇనుప సామాన్ల కబాడీకే" అని చెప్పి, తేలేదాకా చూడడానికి వెనక సీట్లో కూర్చుంది. ఆ కారంటే జుల్ఫికర్‌కు ప్రాణం. దాన్ని మెల్లగా చాంద్రాయణగుట్ట వైపు నడుపుతున్నాడు.

"లైట్లు ఏడ వెలుగుతున్నయ్?" పక్క సీట్లోంచి వామన్‌రావు వేలెత్తాడు. "ప్రతిసారీ చాంద్రాయణగుట్టల మెకానిక్ బాబూమియా షెడ్డు ముంగటనే! గిరాకీ కోసం ఆయనే రిమోటుతోని వెలిగిస్తుండు. గందుకే ఆయన చెయ్యి పడకుండ నెల కిందనే బానెట్‌కు లక్క సీలు ఏసిన."

"రావ్ సాబ్, గాడ రోడ్డంత గుంతలే..."

"గుంతలు సాక్ష్యం చెప్పవు భాయ్!"

షెడ్డు ముందు కారు దబ్బున గుంతలో పడింది. లైట్లన్నీ వెలిగాయి.

"ఎవరూ కదలొద్దు!" వామన్‌రావు దిగి గర్జించాడు. చాయ్ తాగుతున్న బాబూమియా ఎలాగూ కదలలేదు. డిటెక్టివ్ సీలు పగలగొట్టి, బానెట్ ఎత్తి, వేలిముద్రల కోసం గుప్పెడు టాల్కం పౌడరు చల్లాడు. అది నేరుగా ఆయన ముక్కులోకే పోయింది. ఒక్క తుమ్ముకు తల బానెట్‌కు కొట్టుకుంది. పడిపోకుండా చేతికందినదాన్ని పట్టుకుంటే, నల్ల వైరొకటి ఊడి వచ్చింది. నడుస్తున్న ఇంజను టక్కున ఆగిపోయింది.

"ఖతం చేసిన్రు!" జుల్ఫికర్ తల పట్టుకున్నాడు.

బాబూమియా వచ్చి వైరు కొస చూశాడు. "ఇది బ్యాటరీ ఎర్త్ వైరు భాయ్. బోల్టు లూజైంది, మస్తు తుప్పు పట్టింది. గుంతల పడ్డప్పుడల్లా కరెంటు తెగి లైట్లన్నీ మొత్తుకుంటున్నయ్. నెల కింద బానెట్ తెరవనిస్తే ఐదు నిమిషాల పని!"

గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించాడు. అదే గుంతలో కారును మూడుసార్లు దూకించారు. ఒక్క లైటూ వెలగలేదు.

"నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న," అని వామన్‌రావు మీసం దువ్వాడు.

"మీరు చెప్పింది బాబూమియా పేరు గదా?" అన్నాడు జుల్ఫికర్.

"దొంగ దొరికింది ఆయన షెడ్డు ముంగటనే గదా!"

"అంటే, దొంగకు నెల రోజులు సీలేసి పహారా కాసింది మీరేనా?" అంది షౌకత్ బీ. ఆమె వెనక నుంచి దిగి, ముందు వామన్‌రావు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది. "చలో, కారు ఇంటికొస్తది," అని భర్తతో చెప్పింది. "భాయ్ సాబ్ ఆటోల వస్తరు."

నెల రోజుల్లో మొదటిసారి జుల్ఫికర్‌కు కడుపు నిండా సంతోషం కలిగింది. ఇంజను స్టార్ట్ చేసి గేరు వేశాడు.