మంత్రిగారి గుప్పెడు పల్లీలు

తమ గోదాముల్లో బూజన్నది మచ్చుకైనా లేదని ఆహార శాఖామంత్రిగారు సోమవారం ఉదయం పదకొండింటికి ప్రకటించారు. ఇంత ధైర్యం అందరికీ ఉండదు. పరీక్ష ఫలితం రావడానికి అప్పటికింకా మూడు గంటలుంది.

రెండింటికి ఆ కాగితం ల్యాబ్ అసిస్టెంటు చేతికొచ్చింది. బడిపిల్లలకు పంచాల్సిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్, అంటే బూజు కక్కే విషం, ఉండదగినదానికి తొమ్మిది రెట్లు. మూడో తరగతి చదివే ఆమె కూతురిదీ ఆ బళ్లలో ఒకటే. కాగితం పట్టుకుని డైరెక్టరుగారి గదికి పరుగెత్తింది.

"వేయిస్తే పోతుంది కదమ్మా," అన్నారాయన.

"పూర్తిగా పోదు సార్. లివర్‌ని పాడుచేస్తుంది. క్యాన్సర్ కూడా రావచ్చు."

"ఎన్నాళ్లకి?"

"ఏళ్లు పట్టొచ్చు సార్."

డైరెక్టరుగారి ముఖం విప్పారింది. "ఆ ముక్క ముందు చెప్పవేం? మంత్రిగారి పదవికి మిగిలింది పద్నాలుగు నెలలే."

మంత్రిగారు ఇంకో మెట్టు పైనే ఉన్నారు. బుధవారం గోదాములోనే, కెమెరాల ముందు, ఆ బస్తాల్లోంచే గుప్పెడు తిని చూపిస్తానన్నారు.

శాఖ కాళ్లకు చక్రాలు కట్టుకుంది. భద్రతలో రాజీ లేదు. మాస్కులు, గ్లౌజులు తెప్పించారు. వేదికనెక్కేవాళ్లకూ ఫొటోగ్రాఫర్లకూ సరిగ్గా సరిపోయాయి. నలభైమంది కూలి ఆడవాళ్లు మాత్రం ఉత్త చేతులతో కూర్చుని, ముడతపడ్డవీ నల్లబడ్డవీ బూజు పట్టినవీ ఏరి పక్కన పోశారు.

"ఆ దుమ్ము పీల్చకూడదు పెద్దమ్మా," అంది అసిస్టెంటు.

"మరేం పీల్చమంటావమ్మా? ఇక్కడున్నది అదే," అంది పెద్దామె, చెయ్యి ఆపకుండా.

బుధవారం మంత్రిగారు తిన్నారు. నమిలారు. మింగారు కూడా. చప్పట్లు మోగాయి. ఏరగా మిగిలిన మంచి సరుకులో నమూనా తీసి అసిస్టెంటు మళ్లీ పరీక్షించింది. గురువారం మధ్యాహ్నానికి ఫలితమొచ్చింది. విషం లేదు. మూడు రోజుల తర్వాత ఆమెకు ఊపిరాడింది.

"ఈ మంచివి ఇక బళ్లకు పంపేయొచ్చు సార్," అంది డైరెక్టరుగారితో.

"భలేదానివే. మంత్రిగారు ఇంకా పన్నెండు ఊళ్లలో తినాలి. అవి ఆయనకి."

"మరి పిల్లలకి?"

"తీసేసినవి ఉన్నాయిగా. నిన్ననే పిండి పట్టించాం. పిండిలో ముడతలెవరికి కనపడతాయి? పొద్దున్నే బళ్లకు చేరిపోయింది."

ఆమె గోడ గడియారం వంక చూసింది. బడిలో అన్నాల గంట కొట్టి అరగంటైంది.