పఠనోత్సవాల సందర్భంగా గ్రంథాలయానికి సెలవు

ప్రజల్లో చదివే అలవాటు తగ్గిపోతున్నందున, దాన్ని పెంపొందించే నిమిత్తం వారం రోజులపాటు గ్రంథాలయంలో పుస్తకాలు ఇవ్వబడవని తలుపు మీద ప్రకటన అంటించారు. కింద సంస్కృతీ వికాస సమితి అధ్యక్షులవారి సంతకం, పైన ఆయన ఫొటో. ఫొటోలో ఆయన చేతిలో పుస్తకం ఉంది గనక ఎవరికీ అనుమానం రాలేదు.

ఇబ్బంది పడింది ఒక్క మిషను పిన్ని. వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకుని అందరి చొక్కాలూ సరిచేసే ఆవిడను అలాగే పిలుస్తారు. కొన్నాళ్ళుగా సాయంత్రాలు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఒక లావుపాటి నవల చదువుతోంది. అందులో అక్కాచెల్లెళ్ళు మాటా మాటా అనుకుని ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోరు. చివరి అధ్యాయంలో చెల్లెలు వెళ్ళి అక్క గుమ్మం ముందు నిలబడింది. సరిగ్గా అక్కడ లైబ్రేరియన్ వేళయిందని లైట్లు ఆర్పేశాడు.

పిన్నికీ ఒక అక్క ఉంది, మాటల్లేవు. కథలో చెల్లెలు ఏమని మొదలుపెడుతుందో చూసి, అదే మాటతో అక్కకు ఫోను చెయ్యాలనుకుంది. సొంతంగా మొదలుపెడదామంటే మొదటి మాటే దొరకడం లేదు. అక్క మీద బెంగ మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది.

ఉత్సవాల మొదటి రోజున పిన్ని లోపలికి వెళ్ళి చూస్తే అరలన్నీ ఖాళీ. పుస్తకాలన్నిటినీ జిగురుతో ఒకదానికొకటి అతికించి, వేదిక మీద పెద్ద ముఖద్వారం కట్టి, బంగారు రంగు పూశారు. జ్ఞానాన్ని ఇంత గట్టిగా పట్టి ఉంచిన సంస్థ ఇంకోటి లేదని వక్తలు కొనియాడారు. ఎడమ స్తంభం అడుగున పిన్ని తన నవలను గుర్తుపట్టింది. వీపు చిరిగినప్పుడు తను వేసిన నీలం దారం కుట్టు బంగారు రంగు కింద నుంచి తొంగిచూస్తోంది మరి. మెల్లగా చెయ్యి వెయ్యబోయింది.

"పిన్నిగారూ, దాన్ని లాగకండి," అన్నాడు లైబ్రేరియన్ గుసగుసగా. "సాహిత్యమంతా అధ్యక్షులవారి నెత్తిన పడుతుంది."

కార్యక్రమంలో తర్వాతి అంశం ఆదర్శ పాఠకుడికి సత్కారం. తీరా చూస్తే హాల్లో ఉన్నవాళ్ళంతా వక్తలే. లైబ్రేరియన్‌కు మొహం తెలిసిన పాఠకురాలు పిన్ని ఒక్కతే కావడంతో ఆవిడనే వేదిక ఎక్కించి, చేతికి జ్ఞాపిక ఇచ్చారు. అదీ పుస్తకం ఆకారంలోనే ఉంది, కానీ తెరుచుకోదు. పఠనం వల్ల కలిగిన లాభాలు చెప్పమని మైకు అందించారు.

పిన్ని మైకు అందుకుని, స్తంభం అడుగున ఉన్న తన నవలను చూపించింది.

"లాభాల సంగతి తర్వాత చెప్తానండీ. ఇందులో చివర అక్క తలుపు తీశాక చెల్లెలు ఏమంటుందో, మీలో చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు చాలా అవసరం."

 అందరూ ఆ నవలకు ముందుమాట రాసిన విమర్శకుడి వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ముగింపు పాఠకుల విజ్ఞతకే వదిలెయ్యాలని తాను ముందుమాటలోనే రాశానని గుర్తుచేశారు. దానికి తాను కట్టుబడి మొదటి అధ్యాయం దగ్గరే ఆగానని కూడా వినయంగా సెలవిచ్చారు. అధ్యక్షులవారు లేచి, సామాన్యుల నుంచి ఇంత లోతైన ప్రశ్న రావడమే ఉత్సవాల విజయమని ప్రకటించారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పిన్ని జవాబు కోసం నిలబడింది. చప్పట్లు మాత్రం ఆగలేదు.

ప్రజాస్పందన దృష్ట్యా ఉత్సవాలను ఏడాదంతా పొడిగించారు. పిన్ని రోజూ ఫోను చేతిలోకి తీసుకుంటుంది, అక్క నంబరు దాకా వెళ్తుంది, పక్కన పెట్టేస్తుంది.

మీలో ఎవరైనా ఆ నవల చివరిదాకా చదివి ఉంటే వెళ్ళి ఆ ఒక్క మాట ఆవిడకు చెప్పండి. చదవకపోతే మటుకు దయచేసి చప్పట్లు కొట్టకండి. అవి ఆవిడకు ఇప్పటికే కావలసినన్ని ఇచ్చాం.