ఇంటి పట్టాకి లాగుడు పరీక్ష

ఇంటి పట్టా మీద ఎవరి పేరు రాయాలో తేల్చడానికి మా మండల కచేరీలో మొగుడూపెళ్ళాల ఋణవిద్యుదాత్మకత కొలుస్తున్నారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని తనవైపు లాక్కునే బలానికి అది శాస్త్రం పెట్టిన పేరు. పరమాణువులకి కట్టిన లెక్కే మనుషులకీ కడతారు. అంకెల మధ్య తేడా ఒకటి పాయింట్ ఏడు దాటితే అది అయానిక బంధం. అంటే ఒకరు పూర్తిగా ఇచ్చేశారు, ఒకరు పుచ్చేసుకున్నారు. పట్టా పుచ్చుకున్నవారి పేరనే వస్తుంది. దాటకపోతే పంచుకుంటున్నట్టు లెక్క, రెండు పేర్లూ రాస్తారు. ఎవరూ తప్పుపట్టలేదు. తూకం వేసి ఇస్తే మనం అబద్ధాన్నయినా సంచీ పట్టి పోయించుకుంటాం.

భూలోకం, ఆయన భార్య అచ్చియ్యమ్మ కొలిచే యంత్రానికి తగిలించిన చెరో రాగి కడ్డీ పట్టుకుని కూర్చున్నారు. ఇటుకలు మోసి ఇల్లు లేపింది అచ్చియ్యమ్మ. పట్టాలో ఆవిడ పేరు ఉండి తీరాలని భూలోకం పంతం.

గుమాస్తా దయానిధి ముల్లు చూశాడు. "మీది మూడు పాయింట్ రెండండి. లాగుడులో క్లోరిన్ కన్నా పిసరెక్కువే. మామ్మగారిది ఒకటి పాయింట్ నాలుగు. అయానికం."

"నా మొహానికి క్లోరినేంటండీ బాబూ," అన్నాడు భూలోకం. "నేను దగ్గితే పులి చచ్చిందని ఊళ్ళో చెబుతాను గానీ, మా ఇంట్లో పిల్లి కూడా లేవదండి."

"పిసరు తగ్గితే చాలండి," అన్నాడు దయానిధి. "ఏదో ఒకటి వదులుకుంటాననండి."

భూలోకం బుర్ర గోక్కున్నాడు.

"ఫ్యాను కింద మంచం?" అందించింది అచ్చియ్యమ్మ.

"నడుం పట్టేస్తది కదే."

"మొదటి అట్టు?"

"ఆకలికి ఆగలేను కదే."

"పోనీ, ఆఖరి మాట?"

"అదెప్పుడూ నీదే. ఇంక మాటాడకు."

ముల్లు మూడు పాయింట్ మూడుకి ఎక్కింది.

"చూశారా," అన్నాడు భూలోకం నీరసంగా, "ఇద్దామని కూచుని ఇంకాస్త లాక్కున్నాను."

"అయితే మీరే లాగండి మామ్మగారూ," అన్నాడు దయానిధి. "మీకు కావలసింది ఒక్కటి అడగండి. అంకె పెరుగుద్ది."

"అడగవే," అని బతిమాలాడు భూలోకం.

అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. భర్త వైపు తిరిగి, "ఏం అడగమంటావు?" అంది.

ముల్లు ఒకటి పాయింట్ రెండుకి దిగింది.

దయానిధి ఆవిడ పేరు కొట్టేసి, అయానిక బంధాలు మహా గట్టివనీ, కరిగించాలంటే కొలిమి కావాలనీ ఓదార్చాడు. భూలోకం కళ్ళు తుడుచుకుని పట్టా అందుకున్నాడు.

వరుసలో తర్వాతి జంట వచ్చింది. కుర్చీ ముందు ఆగి, కూచోనా అన్నట్టు ఆ ఇల్లాలు మొగుడి వైపు చూసింది. దయానిధి కడ్డీలు చేతికివ్వకుండానే అయానికమని రాసేసుకున్నాడు.